ఎడారిలో రెండు పొయ్యిలు

చెబితే నవ్వుతారు గానీ, కువైట్ ఎడారిలో, మనిషి జాడలేని చోట, ఒక్క గుడారంలో రెండు పొయ్యిలు ఉండేవి. ఒకటి చిన్నసుబ్బయ్యది, రెండోది కుర్రాడు చెన్నకేశవది. ఇద్దరిదీ సింహాద్రిపురం దగ్గర ఒకే ఊరు. ఇద్దరూ ఒకే అరబ్బు యజమాని గొర్రెలు కాసేవాళ్లు. అయితే ఏం లాభం? ఊళ్లో ఇద్దరివీ వేరువేరు పార్టీలు. పార్టీలు చీలిన నాడే వీధులు చీలాయి, టీ అంగళ్లు చీలాయి, నిప్పూ నీళ్లూ ఇచ్చిపుచ్చుకోవడం ఆగిపోయింది. ఆ కట్టుబాటును ఈ మహానుభావులిద్దరూ బట్టల మూటతో పాటు విమానమెక్కించి తెచ్చుకున్నారు.

గుడారం మధ్యలో మేత బస్తాలు అడ్డంగా పేర్చారు. అటు మనిషి అటే వండుకుంటాడు, ఇటు మనిషి ఇటే. పలకరింపుల్లేవు. గొర్రె తప్పిపోతే మాత్రం, "ఆ నల్లమూతిది కనపడల్యా" అని గాలికి చెప్పేవాళ్లు. విన్నవాడు వినీ విననట్టు లేచి వెతకడానికి పోయేవాడు.

వారానికోసారి ట్యాంకరులో నీళ్లూ కట్టెలూ తెచ్చే యూనుస్‌ది ప్రొద్దుటూరు. కట్టెలు రెండు వాటాలు వేసినప్పుడల్లా అతనికి ఒళ్లు మండేది.

"ఏందప్పా ఇది! మా ఊరి బంగారం అంగట్లో గూడా ఇంత నిక్కచ్చిగా తూకమెయ్యరు. ఇద్దరూ ఒక పొయ్యికాడ ఏడవొచ్చు గదా!"

సుబ్బయ్య తన వాటా ఎత్తుకుని లోపలికి పోయేవాడు. అతని భార్య మునెమ్మ తమ్ముడు యల్లయ్య, ఓట్లనాడు బడి ముందర నాటుబాంబుకు పోయాడు. వేసిన వాళ్లలో కేశవ చిన్నాయన ఉన్నాడు. కేసు ఏళ్లతరబడి నడిచి నడిచి చివరికి ఏమీ కాకుండా పోయింది. సుబ్బయ్య బయలుదేరిన రోజు, కేశవ కూడా ఆ ఎడారిలోనే ఉన్నాడని తెలిసి, పులివెందుల బస్టాండులో మునెమ్మ ఒక్కటే మాట అంది. "ఆ ఇంటోళ్లకు నువ్వు నిప్పిచ్చినట్టు తెలిస్తే, నాకు మొగుడు ల్యాడనుకుంటా." అన్నదంటే చేసే మనిషే. సుబ్బయ్యకు లోకంలో మునెమ్మ తప్ప ఇంకెవరున్నారు!

ఆ ఏడు వచ్చింది చూడండి చలి, అబ్బబ్బా! యజమాని తండ్రి, పళ్లన్నీ ఊడిన ముసలాయన, తన జన్మలో ఇట్లాంటిది చూడలేదన్నాడట. నిప్పులు చెరిగే ఎండల్లో పుట్టి పెరిగిన వాళ్లకు అదేం ఖర్మో గానీ, పొద్దున లేచేసరికి తొట్టిలో నీళ్లు గడ్డకట్టి ఉండేవి. గొర్రెల ఉన్ని మీద మంచు తెల్లగా పేరుకుని, రాజుపాలెం చేలల్లో పత్తి విచ్చినట్టు ఉండేది. ఆపైన వాన పడి దారంతా బురదైంది. ట్యాంకరు రాలేదు. కట్టెలు అడుగంటాయి.

తర్వాత పొగమంచు దిగింది. సూర్యుడు ఎక్కడున్నాడో తెలియదు. ఆ తెల్లదనంలో మంద వెనక నడుస్తుంటే, తాను మేలుకున్నాడో నిద్రపోతున్నాడో సుబ్బయ్యకు అర్థమయ్యేది కాదు. కాళ్ల కింద జమ్మలమడుగు దగ్గరి పెన్న ఇసుక మెత్తగా తగిలేది. ఎక్కడినుంచో పచ్చి వేరుశనక్కాయలు ఉడికే వాసన వచ్చేది. గొర్రెలు ఒక్కొక్కటే మంచులోకి వెళ్లి మాయమై, కాసేపటికి ఇంకో పక్కనుంచి తాపీగా నడిచి వచ్చేవి. అంత చలిలోనూ అతనికి అదంతా చాలా అందంగా అనిపించింది, ఎందుకో ఏడుపు కూడా వచ్చింది.

ఒక మధ్యాహ్నం మందను తోలుకొచ్చి పొయ్యి ముందు కూర్చున్నాడు. రెప్పలు వాలిపోతున్నాయి. మంచులోంచి యల్లయ్య నడిచొచ్చాడు. తెల్లచొక్కా, చంకలో తువ్వాలు, నిన్న మొన్న చూసినట్టే ఉన్నాడు. వచ్చినవాడు బావ దగ్గర కూర్చోకుండా, బస్తాలు దాటి కేశవ పొయ్యి దగ్గర చతికిలబడ్డాడు.

"ఒరే యల్లా, ఆడ కూచుంటివేందిరా?" అన్నాడు సుబ్బయ్య ఉక్రోషంగా.

"సచ్చినోనికి పార్టీ యాడిది బావా? సెగ యాడుంటే ఆడ కూచుంటా." యల్లయ్య చేతులు చాచి, మళ్లీ వెనక్కి తీసుకున్నాడు. "ఈడ గూడా సెగ ల్యాదే."

సుబ్బయ్య ఉలిక్కిపడి కళ్లు తెరిచాడు. బస్తాల అవతల పొగ లేదు. పొద్దున్నుంచి జ్వరంతో దగ్గుతున్న కేశవ దగ్గడం లేదు.

పోనీలే, పోతే పోయాడు అనుకున్నాడు. నిజంగానే అనుకున్నాడు, అబద్ధమెందుకు! వెంటనే మునెమ్మ ముఖం కళ్లముందు నిలిచింది. లేచాడు, మళ్లీ కూర్చున్నాడు. తనను తాను బండబూతులు తిట్టుకున్నాడు. చివరికి రేకు మూత తీసుకుని, తన పొయ్యిలో ఉన్న నిప్పులన్నీ అందులోకి ఎత్తుకుని, బస్తాలను కాలితో తోసి అటు వెళ్లాడు.

కేశవ ముడుచుకుని పడున్నాడు. పెదాలు నీలమయ్యాయి, ఒంటికి చెయ్యి వేస్తే అచ్చం మంచే. సుబ్బయ్య నిప్పు రాజేసి, తన కంబళి తీసి కప్పాడు. అరికాళ్లు రుద్దాడు. వానాకాలం చేలల్లో మందతో పడుకునేటప్పుడు చేసినట్టే, ముదురు గొర్రెలను లోపలికి తోలి అతనికి రెండు పక్కలా పడుకోబెట్టాడు. వాటి ఊపిరి వెచ్చగా గుడారమంతా నిండింది. చాలాసేపటికి కేశవ కళ్లు తెరిచాడు.

"ఎవురి నిప్పు మామా ఇది?"

"నిప్పుకు పేరుంటాదా? నోరు మూసుకొని పండుకో."

బురద ఆరాక యూనుస్ వచ్చాడు. కూలిన బస్తాలనూ, ఒకే పొయ్యినీ చూసి, కట్టెలన్నీ ఒకే కుప్పగా దించాడు. శుక్రవారం సుబ్బయ్యను పట్నం తీసుకెళ్లాడు. శుక్రవారాల్లో సింహాద్రిపురం ఫోన్ బూత్‌లో మునెమ్మ కాచుకుని ఉంటుంది. "ఈ ముచ్చట చెప్పొద్దప్పా, నీ కాపురం నిలబడాల" అని యూనుస్ దారంతా పోరు పెట్టాడు. మునెమ్మ దగ్గర దాచడం సుబ్బయ్యకు చేతనయ్యే పని కాదు.

"నిప్పిచ్చినా మునీ. కంబళి గూడా కప్పినా. జరంతో పడుండె, ల్యాకుంటే సచ్చిపోతాండె."

ఫోన్ పెట్టేసిందేమో అనుకున్నాడు.

"మా యల్లయ్య గుర్తుకు రాల్యా నీకు?"

"వచ్చినాడు. మా ఇద్దరి మధ్యన్నే కూచున్నాడు."

మునెమ్మ ఏడ్చింది. ఆగి ఆగి ఏడ్చింది.

"నువ్వు జేసింది నాకు నచ్చల్యా. నేను సచ్చేదాకా నచ్చదు."

"సరే మునీ."

"ఆ పిల్లోనికి జరం తగ్గినాదా?"

"తగ్గింది. గంజి తాగుతాండాడు."

"ఆ దేశంలో చలికి మనుషులు సచ్చిపోతాండారని ఎవురో చెప్పినారంట. వాళ్లమ్మ చౌడమ్మ కూడు ముట్టకుండా ఏడుస్తాందని కొళాయికాడ అనుకుంటాండ్రి." మునెమ్మ ముక్కు చీదింది. "కొడుకు బతికినాడని ఆయమ్మకు ఎవురు చెప్తారు మల్ల?"

సుబ్బయ్య రిసీవరును చెవికి ఇంకాస్త అదుముకున్నాడు.

"పెట్టెయ్యి ఫోను. నేను ఆ వీధికి పోయొస్తా."