ముదురు నీలం కవచం

భీమవరంలో జాకెట్టు ముక్కలమ్మే కొట్లు పది ఉన్నాయి. చీరకి రంగు కలవాలంటే మాత్రం గోపాలకృష్ణమూర్తి గారి మ్యాచింగ్ సెంటరు ఒక్కటే. ఈ మాట ఆయనన్నది కాదు, ఊరన్నది. ఊరన్నాక ఆయన కాదనలేదనుకోండి, అది వేరే సంగతి. ఇరవై ఎనిమిదేళ్ళుగా ఆ బల్ల వెనక నిలబడి, చీర కొంగుని రెండు వేళ్ళ మధ్య పట్టుకుని, అరల్లో ఉన్న మూడొందల గుడ్డ తాన్లలోంచి ఒక్కటి లాగేవారు. లాగితే అదే. రెండోది లాగే పనుండేది కాదు. వంగపండు రంగులో ఆరు రకాలూ, కనకాంబరంలో నాలుగు రకాలూ ఉన్నాయని ఆయన చెప్పేదాకా ఆ చీరలు కట్టుకునేవాళ్ళకే తెలీదు. ఒకసారి చూసి "కోసెయ్" అన్నారంటే ఇక దానికి అప్పీలు లేదు.

అంతటి మనిషికి రెండేళ్ళుగా లోకం మీద కోపమొస్తోంది. మిల్లుల వాళ్ళు రంగులు ఎగ్గొడుతున్నారట. తెల్ల గుడ్డ తెప్పిస్తే పచ్చగా, పాతబడినట్టు వస్తోందట. ఏడాదిలో మూడుసార్లు కొట్లో ట్యూబులైట్లు మార్పించారు. ఆడలేక మద్దెల ఓడని ఎవరంటారు ఆయనతో? చొక్కాలకి నీలిమందు సరిగ్గా పెట్టడం లేదని ఇంట్లో భార్య మీనాకుమారిని కూడా విసుక్కున్నారు. ఆవిడ ఎందుకొచ్చిన గొడవని రెండు చుక్కలు ఎక్కువే వేసింది. ఆకాశం రంగుకి తిరిగిన చొక్కాలు తొడుక్కుని, ఇప్పటికి తెల్లబడ్డాయనుకుంటూ ఆయన బజార్లో నడిచి వెళ్తుంటే, చూసినవాళ్ళు చూసి ఊరుకున్నారు.

కొడుకు అశోక్ బీకాం అయ్యాక కొట్లోకి వచ్చాడు. నెమ్మదస్తుడు. పదిసార్లు అడిగితే గానీ ఒక మాట మాట్లాడేవాడు కాదు, ఆ ఒక్కటీ తండ్రికి ఎదురు మాట అయ్యేది కాదు. పెనుగొండ నుంచి వచ్చి స్థిరపడిన వ్యాపారస్తుల ఇల్లు అది. తండ్రి చెప్పాక మళ్ళీ మాట్లాడ్డం ఆ ఇంట్లో ఎవరికీ అలవాటు లేదు.

రెండువేల ఆరో సంవత్సరం, శ్రావణమాసం. దీపాలు పెట్టే వేళకి సుబ్బాయమ్మ గారనే రైతు కుటుంబపావిడ పల్లె నుంచి వచ్చారు. కూతురి సీమంతమట. ముదురు నీలం పట్టుచీర సంచిలోంచి తీసి బల్ల మీద పరిచారు. ముదురు రంగులు చీకటి పడ్డాక చూడకూడదన్నది మూర్తి గారు పెట్టుకున్న నియమం. రేపు పగలు రండమ్మా అని వెనక్కి పంపేసేవారు. ఆ రోజు ఆవిడకి ఆఖరి బస్సు దాటిపోతుందని తొందర. సరే అని ఒప్పుకున్నారు. అశోక్ ఒక తాను తీసి చీర పక్కన పెట్టాడు. మూర్తి గారు చూసి, ఇది వెలిసినట్టుందిరా అని పక్కకి తోసి, పై అరలోంచి తనే ఇంకొకటి లాగారు. అశోక్ ఏదో అనబోయి ఊరుకున్నాడు. కొట్లో పనిచేసే రత్నమాణిక్యం ముక్క కోసి పొట్లం కట్టింది.

పదిహేను రోజులకి సుబ్బాయమ్మ గారు మళ్ళీ వచ్చారు. పిల్లని పీటల మీద కూర్చోబెట్టాక, పందిట్లో పగటి వెలుతురులో చూస్తే జాకెట్టు నల్లగా ఉందట. కడుపుతో ఉన్న పిల్లకి నలుపు తొడిగారేంటని వియ్యపురాలు పదిమందిలో అందట. పిల్ల లేచి లోపలికెళ్ళి వేరే జాకెట్టు తొడుక్కుని, కళ్ళు తుడుచుకుంటూ వచ్చి కూర్చుందట. ఇదంతా ఆవిడ గొంతు పెంచకుండానే చెప్పారు. డబ్బులూ అడగలేదు. ఆ జాకెట్టు బల్ల మీద పెట్టి, "మీరు చూశారు కదాని నేను చూడలేదండి" అన్నారు.

తిట్టినా బాగుండేది మూర్తి గారికి. తన చేతి మీదుగా తప్పు వెళ్ళడమనేది ఆయన ఊహకే అందని సంగతి. ఆ రోజు గుడ్డ తాను తీసి పెట్టింది అశోక్ కదా అన్నది గుర్తొచ్చింది. దాన్ని పక్కకి తోసింది తనేనన్నది గుర్తు రాలేదు. నిజంగానే రాలేదు, ఆయన అబద్ధమాడే మనిషి కాదు. కొట్టు నిండా ఆడవాళ్ళుండగా ఇరవై రెండేళ్ళ కొడుకుని చెంప మీద కొట్టారు.

"కళ్ళు పెట్టి చూడవేంరా?" అన్నారు.

అశోక్ తల వంచుకుని నిలబడ్డాడు. మర్నాటి నుంచి వాడికి కౌంటరు మీద పని లేదు, వెనక గోడౌన్లో మూటలు విప్పుకోవడమే. ఆ తర్వాత రెండు నెలలూ తండ్రీ కొడుకులు ఒకే భోజనాల బల్ల దగ్గర అన్నం తిన్నారు గానీ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు.

ఇంట్లో ఒక కంప్యూటర్ ఉంది. ఇంజనీరింగ్ చదివే కూతురు సాయిసుధ కోసం కొన్నది. ఖాళీ దొరికితే చాలు అశోక్ దాని ముందు కూర్చుంటున్నాడు. కోటలూ కత్తులూ మంత్రగాళ్ళూ ఉండే ఏదో ఆట. ఒక ఆదివారం మధ్యాహ్నం, కొట్టుకి సెలవు కాబట్టి, మూర్తి గారు వాడికి నాలుగు చీవాట్లు పెడదామని ఆ గదిలోకి వెళ్ళారు. తీరా చూస్తే వాడు ఆట ఆడటం లేదు. సైనికులు తొడుక్కునే కవచాలకి రంగులు మారుస్తున్నాడు. తెర మీద కవచం విడివిడిగా పరిచి ఉంది. కుట్టకముందు కత్తిరించి పెట్టిన జాకెట్టు గుడ్డలాగే, ఛాతీ ఒకచోట, భుజాలు ఒకచోట, చేతులు ఒకచోట. ఇక్కడ రంగు వేసి దాస్తే ఆటలో సైనికుడి ఒంటి మీదికి అదే వస్తుందని పక్కనే కూర్చుని ఉన్న సాయిసుధ చెప్పింది. మూర్తి గారికి అది వెంటనే అర్థమైంది. అర్థం కానిదల్లా ఆ రంగే.

"మళ్ళీ నలుపేనా?" అన్నారు. "ఇంకా బుద్ధి రాలేదా నీకు?"

మౌసు మీద అశోక్ చెయ్యి ఆగిపోయింది. "ఇది నలుపు కాదండి, నీలం" అన్నాడు.

జన్మలో మొదటిసారి ఎదురు చెప్పాడు. మూర్తి గారు కూతురి వైపు తిరిగారు. నీలమే నాన్నగారూ అంది సాయిసుధ. వంటింట్లోంచి మీనాకుమారిని పిలిచారు. ఆవిడ చెయ్యి తుడుచుకుంటూ వచ్చి, తెర వైపు చూసి, ముదురు నీలం, ఎందుకండీ అంది. అశోక్ ఒక మూల చిన్న గళ్ళలో, ఆ రంగులో ఏది ఎంత కలిసిందో చెప్పే అంకెలు చూపించాడు. ఎరుపు పన్నెండు, ఆకుపచ్చ పదిహేడు, నీలం డెబ్బై. నలుపైతే మూడు గళ్ళలోనూ సున్నాలుండాలట.

మూర్తి గారు కుర్చీ లాక్కుని కూర్చున్నారు. అయితే నలుపు కూడా ఒకటి చెయ్యమన్నారు. ఉన్న బొమ్మకే రంగు మారిస్తే ఆ కవచం తొడిగిన వాళ్ళందరికీ మారిపోతుందట. అందుకని అశోక్ ఇంకో కాపీ తీసి, దానికి నలుపు వేసి, వేరే సైనికుడికి తొడిగాడు. ఆట తెరిచి ఇద్దర్నీ కోట గుమ్మం ముందు పక్కపక్కన నిలబెట్టాడు.

మూర్తి గారు చూశారు. కళ్ళజోడు తీసి తుడిచి చూశారు. ఒక కన్ను మూసి చూశారు, రెండోది మూసి చూశారు.

"ఇందులో నలుపేది?" అన్నారు.

వేళాకోళమనుకుని సాయిసుధ నవ్వబోయింది. తండ్రి ముఖం చూసి ఆగిపోయింది. శుక్లాలేమోనండీ, రేపే డాక్టరుకి చూపిద్దాం అంటోంది మీనాకుమారి. ఆయనకి వినపడలేదు. సుబ్బాయమ్మ గారు చీర తెచ్చిన సాయంత్రం బల్ల మీదున్న రెండు తాన్లూ గుర్తొచ్చాయి. ఒకదాన్ని పక్కకి తోసిన చెయ్యి ఎవరిదో గుర్తొచ్చింది.

"ఆ రోజు నువ్వు తీసింది నీలమేనా?"

"నీలమేనండి."

"మరి నోరు విప్పి చెప్పవేంరా?"

అశోక్ తెర వైపే చూస్తూ చెప్పాడు. "మీరు కాదన్నారంటే నా కళ్ళలోనే ఏదో తేడా ఉందనుకున్నానండి. రెండు నెలల్నుంచీ ఇక్కడ అదే చూసుకుంటున్నాను. రంగు వేస్తాను, దాని పేరేంటో అనుకుంటాను, అప్పుడు అంకెలు చూస్తాను. ఇంతవరకూ ఒక్కటీ తప్పలేదు. అయినా మీరు చూసిందే రైటేమో అనిపించేదండి."

మూర్తి గారు లేచి వెళ్ళి, వెనక గదిలో గోడవైపు తిరిగి పడుకున్నారు. కళ్ళు పోతున్నాయన్న బెంగ కాదు అది. శుక్లాలైతే ఆపరేషన్ చేస్తారు, బాగవుతుంది. నిక్షేపంలాంటి కళ్ళున్న పిల్లాడు, తండ్రి ఒక్క మాట అన్నందుకు, ఆ కళ్ళని నమ్మడం మానేసి రెండు నెలలు అంకెలు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాడు. బెంగంతా దానికే. ఆ పూట ఆయన అన్నానికి లేవలేదు.

సోమవారం కొట్టు తెరిచి, నలుగురు ఆడవాళ్ళు వచ్చేదాకా ఆగారు. కొట్టింది నలుగురిలో, చెప్పాల్సింది కూడా నలుగురిలోనే అనుకున్నారు. అప్పుడు అందరూ వినేలా సుబ్బాయమ్మ గారింటికి ఫోన్ చేశారు. ఆ నలుపు ముక్క కోయించింది తనేననీ, తన కళ్ళకి రంగులు తెలియడం లేదనీ, అబ్బాయి సరైనదే తీశాడనీ చెప్పారు. రత్నమాణిక్యం కత్తెర కింద పెట్టేసింది.

అవతల ఆవిడ అంతా విన్నారు. తన కూతురికి ఏమీ కాలేదనీ, బాగానే ఉందనీ చెప్పారు. తర్వాత అడిగారు.

"ఆ రోజు అబ్బాయిని కొట్టారు కదండీ. ఇంటికెళ్ళాక నాకు అన్నం సయించలేదు. ఈ మాట ఆ అబ్బాయికి చెప్పారా?"

చెప్పలేదు. కొట్టుకి చెప్పారు, ఊరికి చెప్పారు, ఆవిడకి చెప్పారు. గోడౌన్ గుమ్మంలో మూట పట్టుకుని నిలబడ్డ వాడికి చెప్పలేదు. ఫోన్ పెట్టేసి, బల్ల చుట్టూ తిరిగి వాడి దగ్గరికి వెళ్ళారు.

"తప్పు నాదిరా అశోక్. నిన్ను కొట్టకుండా ఉండాల్సింది. ఇవాళ్టి నుంచి రంగు నువ్వే చూడు" అన్నారు.

వాడి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మూట కింద పెట్టి, భుజంతో ముఖం తుడుచుకుని బల్ల దగ్గరికి వచ్చాడు. ఎవరో ఒకావిడ ఆకుపచ్చ చీర ఇచ్చింది. కొంగు తిప్పి చూసి, తడుముకోకుండా ఒక తాను లాగి, చీర మీద పరిచాడు. బాగా కలిసిందని పక్కనున్నావిడ కూడా అంది. రత్నమాణిక్యం కత్తెర తీసుకుంది. అశోక్ మాత్రం ఆగాడు. ఆ గుడ్డా చీరా రెండూ ఎత్తి తండ్రి ముందుకి తెచ్చాడు.

"సరిపోయిందాండీ?" అన్నాడు.

మూర్తి గారికి రెండూ మసగ్గానే కనపడ్డాయి. ఆ సంగతి వాడికీ తెలుసు. తెలిసీ, ఆయన ఔనంటే గానీ కోయించలేక, వాడు అలాగే పట్టుకుని నిలబడ్డాడు.