బోర్డు మీద ఒక్క బిళ్ళ

మా ఊళ్లో గనిలోకి దిగేవాడు తన ఇత్తడి బిళ్ళను బోర్డుకు తగిలించి దిగాలి. పైకొచ్చాక తనే తీసుకోవాలి. బోర్డు మీద ఒక్క బిళ్ళ మిగిలినా లోపలి నీళ్లు తోడే పంపు ఆపకూడదు. ఆ మిగిలిన ఒక్క బిళ్ళా మా ఆయనది. లోపల పైకప్పు కూలి ఆయన అక్కడే ఉండిపోయాడు. వెతికి వెతికి అందరూ చేతులెత్తేశారు.

ఆ తర్వాత గని మూతపడింది. కూలీలు పోయారు, కొట్లవాళ్లు పోయారు. ఊరందరి గుట్టూ తెలిసిన మంగలి కూడా కుర్చీ భుజానేసుకుని బయల్దేరాడు. ఇంక ఎవరికి గీయాలమ్మా అని నవ్వబోయి ఏడ్చేశాడు. నాకు ఒళ్లు మండింది. ఏడ్చేవాడివి పోవడం దేనికని కసిరాను.

నేను మాత్రం కదల్లేదు. పంపు తిరుగుతున్నంతకాలం ఆయన తడవకుండా ఉంటాడని నా మొండి నమ్మకం. పంపు నడిపేది మా మరిది. కంపెనీవాళ్లు ఆపమన్నప్పుడల్లా, బిళ్ళ ఉందిగా అని వాళ్ల నోరు మూయించేవాడు. తోడికోడలు పసిదాన్ని చంకనేసుకుని ఎప్పుడో వేరే ఊరు వెళ్లిపోయింది. నా వంట రుచి మరిగే ఇక్కడ పడున్నావని నేను మరిదిని ఆటపట్టించేదాన్ని.

ఒకరోజు క్యారియర్ తీసుకెళ్లేసరికి ఫోనులో కూతురితో మాట్లాడుతున్నాడు. పంపు హోరులో వినపడక ఒక చెవి మూసుకుని, మళ్లీ చెప్పమని పాపను బతిమాలుతున్నాడు. ఏమంటోందని అడిగాను.

"నువ్వెవరని అడుగుతోంది వదినా."

పోయిన మనిషి కోసం బతికున్నవాణ్ణి పాతిపెడుతున్నానని అప్పుడు అర్థమైంది. తిన్నగా వెళ్లి బోర్డు మీది బిళ్ళ తీశాను. ఎవరి బిళ్ళ వాళ్లే తీయాలని మరిది అడ్డొచ్చాడు.

"మీ అన్న రాడు."

ఆ మాట నా నోటివెంట రావడం అదే మొదలు. మరిది స్విచ్చి మీద చెయ్యి వేశాడు గానీ దించలేకపోయాడు. నేనే దించాను. హోరు ఆగిపోయింది. ఇన్నేళ్లూ ఆ చప్పుడులోనే నిద్రపోయినదాన్ని, చెవులు పోయాయేమో అనుకున్నాను. కాసేపటికి లోతున ఎక్కడో నీళ్లు జారుతున్న అలికిడి వినిపించింది.

వెళ్దాం రమ్మని మరిది చెయ్యి పట్టుకున్నాడు. నాకు కాళ్లు రాలేదు.

"మీ అన్నకి ఈత రాదు," అన్నాను.