దారం లేని సూదులు

దవడ పట్టేస్తే చెవి కింద కోసి, ఎముక బయటికి తీసి, అరగదీసి మళ్ళీ పెడతారట. ఆపైన నెలల తరబడి నోరు తీగతో కట్టేస్తారట. ఇదంతా ఎదురింటి పిన్నికి ఆమె ఆడపడుచు చెప్పిందట. ఆడపడుచుకి ఎవరు చెప్పారో మాత్రం పిన్నికీ తెలీదు.

ఆ మాట చెవిన పడ్డాక టైలరమ్మకి ఆసుపత్రి పేరెత్తితేనే వణుకు. వెళ్ళకపోతే ఇంకో భయం. అసలే నోరు చెంచా దూరేటంతే తెరుచుకుంటోంది. జావ తాగీ తాగీ తను కుట్టుకున్న జాకెట్లు తనకే వదులైపోయాయి. రేపు ఆ చెంచా కూడా దూరకపోతే?

చివరికి మొగుడే లాక్కెళ్ళాడు.

"కీలు మధ్య మెత్తటి దిండులాంటిది ఉంటుందమ్మా. అది జారి ఇరుక్కుంది," అన్నాడు డాక్టరు. "కోత లేదు, కుట్టు లేదు. చెవి ముందు రెండు సూదులు దించుతాం. ఒకదాంట్లోంచి ఉప్పునీళ్ళు పంపి, రెండోదాంట్లోంచి బయటికి రానిస్తాం. కీలు కడిగేస్తాం, అంతే."

టైలరమ్మకి తల తిరిగింది. కోటు లోపల లైనింగు జారితే కుట్టు విప్పకుండా సరిచేసినవాణ్ణి ఆవిడ పుట్టి బుద్ధెరిగి చూడలేదు.

"సూదులున్నాయట, దారం లేదంటాడేంటండీ?" అని మొగుడి చెవిలో గొణిగింది.

"నాకు గుండీ కుట్టడమే రాదు, దవడల సంగతేం తెలుసే!"

"గట్టివేమన్నా కొరుకుతారా?" అడిగాడు డాక్టరు.

"అబ్బే, లేదండీ." నిజంగానే ఏదీ గుర్తు రాలేదు.

చెవి పక్కన మత్తు సూది ఇచ్చారు. సూదులు దిగాయి. మెడ మీదికి చల్లగా నీళ్ళు కారాయి. తడి బట్ట దులిపితే ముడత విడినట్టు లోపలేదో కదిలింది. నోరు తెరవమన్నారు. తెరుచుకుంది! అద్దంలో తన నాలుక తనే చూసుకుని, నవ్వాలో ఏడవాలో తెలీలేదు.

డాక్టరు చెప్పినట్టే మెత్తనివే తింది, ఆవలింతొస్తే గడ్డం కింద చెయ్యి పెట్టుకుంది. అయినా కొన్నాళ్ళకి, మిషను ముందు కూర్చుని ఉండగా, చెవి పక్కన 'టక్' మంది. కొరికిన దారం పోగు ఇంకా పెదవి మీదే ఉంది.

"మళ్ళీ పట్టేసిందండీ!"

"ఒట్టి నీళ్ళు పోసి పంపేశారా ఏంటి?" మొగుడు అయోమయంగా చూశాడు.

"కోయందే పోదని నేను అప్పుడే చెప్పలా?" పిన్ని అప్పటికే గడప దాటి వచ్చేసింది.

మూలన ఉల్లిపాయలు ఒలుస్తున్న అత్తగారు తలెత్తింది.

"ఆ కత్తెర ఏమన్నా షోకేసులో బొమ్మటే? పొద్దస్తమానం దారం పళ్ళతో పుటుక్కున తెంపుతుంటే, నీళ్ళేం చేస్తాయి, డాక్టరేం చేస్తాడు?"