అడ్డాకు కోత

కొరాపుట్‌లో పర్యావరణం ఎమ్మెస్సీ చదువుతున్న మనీషను పుస్తకంలోని ఒక వాక్యం పట్టి వదల్లేదు. అడవి తిరిగి ఇవ్వగలిగినంతే తీసుకోవాలట. బాగానే ఉంది, కానీ ఎంత? ఆ సంగతి తేల్చుకుందామని సెలవుల్లో లమ్తపుట్ బస్సెక్కింది.

సునాబెడలో మనీష తల్లి నడిపే టిఫిన్ హోటలుకు అడ్డాకుల విస్తళ్ళు కుట్టి ఇచ్చే దేముడమ్మది ఆ ఊరే. ఆమె మామగారు ఎప్పుడో మాచ్‌ఖండ్ జలవిద్యుత్ ప్రాజెక్టు పనులకని బొబ్బిలి వైపు నుంచి వచ్చి ఈ కొండల్లోనే ఉండిపోయాడు. మనీష ప్రశ్నకు దేముడమ్మ నవ్వలేదు. ఏటేటా దగ్గరి కొండ మీద అడ్డాకు తీగలు పలచబడుతున్నాయనీ, ఆకు కోసం ఇంకో కొండ ఎక్కాల్సి వస్తోందనీ, ఎందుకో తనకీ అంతుపట్టడం లేదనీ చెప్పింది.

ఇద్దరూ పన్నెండు తీగలు ఎంచుకున్నారు. ఎర్రదారం కట్టిన ఆరింటి ఆకంతా దేముడమ్మ కోసింది. తెల్లదారం కట్టిన ఆరింటికి మనీష సగమే కోసింది. పైనున్న ఆకును లాగి తెంపడానికి ఉన్న ఒక్క కొక్కెం కర్రా మనీష చేతిలోనే ఉంది.

వానలు పడ్డాక మనీష మళ్ళీ వచ్చింది. ఇద్దరూ వెళ్ళి చూస్తే అంతా తలకిందులైంది. పూర్తిగా కోసిన తీగలు గుబురుగా చిగిర్చాయి. సగం కోసినవాటిలో నాలుగు ఎండుపుల్లల్లా వేలాడుతున్నాయి. మనీషకు పుస్తకం మీదే అనుమానమొచ్చింది. దేముడమ్మ మాత్రం ఒక ఎండిన తీగను చివరిదాకా వేళ్ళతో తడిమి చూసింది.

"కొక్కెంతో లాగి ఆకుతోపాటు కొస కూడా ఇరిసేసినావమ్మీ. కొస పోతే తీగెలా పాకుతాది?"

"మరి నువ్వు కోసినవి, అత్తా?"

"కొక్కెం నీకిచ్చేసినాను గదా. సెట్టెక్కి సేత్తో గిల్లేను. రోజూ అయితే నానూ కొక్కెంతోనే లాగుతాను."

ఆ మాట అన్నాక ఆమె తీగలు పలచబడ్డ దగ్గరి కొండ వైపు చూసింది.

మర్నాడు కమ్మరి చేత కొక్కెం తీయించి, కర్ర చివర చిన్న వంకీ కత్తి బిగించారు. మనీష పైకెత్తి తొడిమ దగ్గర ఆనించింది. తీగ కదల్లేదు, ఆకు మాత్రం తెగి జారింది. రెండో ఆకు పడకముందే దేముడమ్మ కర్ర లాక్కుంది. మధ్యాహ్నానికి గంప నిండింది.

"ఇప్పుడు ఎంత కొయ్యాలో మళ్ళీ సూద్దుం," అంటూ ఆమె కొంగుముడిలోంచి దారం తీసింది.