ఒంటిచేతి తాళం

కండక్టరమ్మ తన గదిలో తనే ఇరుక్కుపోయింది. ఎవరో బయట గడియ పెట్టడం వల్ల కాదు. అంతా సొంత చేత్తో, మిగిలిన ఆ ఒక్క చేత్తో చేసుకున్న నిర్వాకం.

ఉద్యోగం మానేసి చాలా కాలమైనా ఇంటాబయటా ఆవిడను అందరూ కండక్టరమ్మ అనే అంటారు. పక్షవాతం వచ్చిన రోజున కుడిచెయ్యి, కుడికాలు చెప్పాపెట్టకుండా రాజీనామా చేశాయి. ఎడమవైపు మాత్రం ఇంకా డ్యూటీలోనే ఉంది. అప్పటినుంచి చక్రాల కుర్చీతో సహా తమ్ముడింట్లో ఉంటోంది.

తమ్ముడు మంచివాడు. మరదలు అంతకంటే మంచిది, కాకపోతే ఆ మంచితనానికి బ్రేకులు లేవు. నిద్రపోతుంటే వచ్చి దుప్పటి సర్దుతుంది, లేస్తే వచ్చి ఎందుకు లేచారంటుంది, ఎవరైనా చూడ్డానికి వస్తే నేరుగా మంచం దాకా తీసుకొచ్చి, పాపం ఇలా అయిపోయారండీ అని జంతుప్రదర్శనశాలలో వివరించినట్టు వివరిస్తుంది. జాకెట్టు ఒక చేత్తో తొడుక్కోవడమే ఒక యుద్ధమైతే, దాన్ని నలుగురి ముందు చేయాల్సి రావడం ఇంకో యుద్ధం. అందుకని కండక్టరమ్మ పట్టుబట్టి గది తలుపుకు తాళం వేయించుకుంది. లోపల ఒక కన్నం, బయట ఒక కన్నం, రెండింటికీ ఒకే రకం తాళంచెవి. ఒకటి తన ఒళ్లో, ఇంకొకటి హాల్లో మేకుకు.

మొన్నామధ్య కుర్చీ తలుపుకు అడ్డం పడి, తమ్ముడు భుజంతో గుద్ది లోపలికి రావాల్సి వచ్చింది. ఆరోజు అతను తాపీగానే, కానీ ఖరాఖండీగా చెప్పాడు. ఇంకొక్కసారి ఈ తలుపు తెరుచుకోకపోతే తాళం కాదు, తలుపే ఉండదు, కర్టెన్ వేలాడదీస్తానన్నాడు. కండక్టరమ్మ సరేనంది. ఇంకొకసారి రాదన్న ధీమా.

ఇక ఆవిడ తాళాల పిచ్చి సంగతి. కసరత్తు చేయించే అమ్మాయి రబ్బరు బంతి ఇచ్చి రోజూ నొక్కమంది. నొక్కీ నొక్కీ విసుగెత్తి, దీనివల్ల ఏదైనా తెరుచుకుంటుందా అని కండక్టరమ్మ అడిగింది. ఆ అమ్మాయి నవ్వి, సైకిల్ షాపు వెనక గదిలో ఆదివారం పూట ఒక గుంపు కూడుతుందని చెప్పింది. కాలో, చెయ్యో, కన్నో సరిగ్గా పని చెయ్యని వాళ్లు అక్కడ చేరి, తాళంచెవి లేకుండా తాళాలు తీయడం సరదాగా నేర్చుకుంటారట. పెద్ద దిక్కు రేడియో బాబాయి. చూపు లేదు, కానీ తాళం లోపల పిన్ను కదిలితే పక్క వీధిలో ఉన్నా విన్నట్టే మాట్లాడతాడు. అక్కడ నియమాలు రెండే. మనది కాని తాళం ముట్టుకోకూడదు. మనదే అయినా, వాడకంలో ఉన్నది ముట్టుకోకూడదు.

తమ్ముడు విని, టికెట్లు కొట్టిన చేత్తో తాళాలు కొడతావా అని వెక్కిరించాడు. కండక్టరమ్మ పట్టించుకోలేదు. డిపోలో పాత స్నేహితుల్ని అడిగి పారేసిన బస్సు వైపర్లు తెప్పించి, వాటిలోని ఉక్కు పట్టీలతో గుంపు మొత్తానికీ పుల్లలు అరగదీయించింది.

ఈ విద్యకు మామూలుగా రెండు చేతులు కావాలి. ఒక చెయ్యి వంపుపుల్లతో తాళాన్ని తిరిగేటట్టు కొంచెం ఒత్తిపట్టాలి, రెండోది సన్నపుల్లతో లోపలి పిన్నుల్ని ఒక్కొక్కటిగా లేపాలి. ఒంటిచెయ్యి వాళ్ల కోసం బాబాయి ఒక కిటుకు కనిపెట్టాడు. వంపుపుల్ల కొసకు దారం కట్టి, దానికి చిన్న బరువు వేలాడదీస్తే ఒత్తే పని బరువే చేస్తుంది. తాళాన్ని కదలకుండా బల్లకున్న వైస్ అనే ఇనప బిగింపు పట్టుకుంటుంది. తాళం తెరుచుకోగానే బరువుకు పుల్ల సర్రున తిరిగి పోకుండా వైస్ పక్కన ఒక మేకు ఆపుతుంది.

ఇంట్లో వైస్ లేదు. వారమంతా ఆదివారం కోసం కూర్చోవడం కండక్టరమ్మ వల్ల కాలేదు. కదలకుండా గట్టిగా బిగించిన తాళం ఇంటి మొత్తానికీ ఒక్కటే కనిపించింది, తన గది తలుపుకు ఉన్నది. వాడకంలో ఉన్నదే, కాదనలేదు. కానీ తాళంచెవి ఒళ్లోనే ఉందిగా అనుకుంది.

ఆరోజు భోజనాలయ్యాక లోపల తాళం వేసుకుని, వంపుపుల్లకు బరువు వేలాడదీసి పని మొదలుపెట్టింది. పిన్నులు ఒక్కొక్కటే మాట విన్నాయి. ఆఖరిది లేవగానే తాళంచెవితో పాటు తిరిగే లోపలి ఇత్తడి గొట్టం కదిలింది. ఆవిడ పెదవులు విచ్చుకునే లోపే బరువు దభాలున కిందికి దిగింది, పుల్ల పైనుంచి కిందికి గిర్రున తిరిగింది. ఆపడానికి మేకు లేదు. గొట్టం సరిగ్గా సగం చుట్టు తిరిగి, తలకిందులై, అక్కడే కరుచుకుపోయింది. తాళంచెవి పెడితే దూరడం లేదు. వెనక్కి తిప్పితే రావడం లేదు.

అదే సమయానికి మరదలు మందులు పట్టుకొచ్చి తలుపు తట్టింది. తలుపు తెరుచుకోకపోయేసరికి హాల్లోని తాళంచెవి తెచ్చి పెట్టింది. అది సగం దాకా వెళ్లి ఆగిపోయింది. తర్వాత జరగాల్సినవన్నీ వరసగా జరిగాయి. మరదలు కంగారుపడింది, మొగుడికి ఫోన్ చేసింది, అతను ఆఫీసు నుంచే ఉత్తర్వు జారీ చేశాడు. ఎలాగూ ఇంట్లో వడ్రంగి ఉన్నాడు కదా, తాళం కోసేయమను, తలుపు కూడా ఈరోజే ఊడదీయమను, నేను బయల్దేరి వస్తున్నానన్నాడు.

వడ్రంగి నిజంగానే వంటింట్లో ఉన్నాడు, అలమర తలుపులు బిగిస్తూ. అతని డ్రిల్లు మోత గోడలోంచి వినిపిస్తూనే ఉంది. మరదలు పిలిస్తే అది ఆపి తలుపు దగ్గరికి వచ్చాడు.

కండక్టరమ్మ గొంతు పెంచి, రద్దీ బస్సులో జనాన్ని వెనక్కి జరిపేటప్పటి స్వరం తీసింది. "మేస్త్రీ, చేతిలో పని సగంలో ఆపితే అలమర తలుపు వంకర పోతుందా, పోదా?"

"పోతుందమ్మా," అన్నాడు వడ్రంగి.

"అయితే ముందు అది పూర్తి చెయ్యి. అది అయ్యాక కూడా నా తలుపు రాకపోతే, కోసెయ్. నేనేమీ అనను."

మరదలు ఏదో అనబోయింది గానీ, వంకర అలమర ఆవిడకూ ఇష్టం లేదు. డ్రిల్లు మళ్లీ మొదలైంది.

కండక్టరమ్మ ఫోన్ ఒళ్లో పెట్టుకుని రేడియో బాబాయికి కలిపి, జరిగింది జరిగినట్టు చెప్పింది.

"ఆ తాళం వాడకంలో ఉన్నదేనా?" అన్నాడు బాబాయి.

"తాళంచెవి నా ఒళ్లోనే ఉందిగా," అంది ఈవిడ.

"సరే. తిట్లు ఆదివారం తిడతా, ఇప్పుడు విను. గొట్టం తలకిందులైంది కదా, తాళంచెవి దూరే సందు ఇప్పుడు పైకి తిరిగి ఉంది. పైనుంచి స్ప్రింగులు నొక్కి పిన్నులన్నీ ఆ సందులోకి తోసేశాయి. ఒక్కోదాన్ని లేపితే లాభం లేదు. బల్లపరుపుగా ఉండేది ఏదైనా దూర్చి అన్నిటినీ ఒకేసారి పైకెత్తాలి. ఎత్తి పట్టుకునే గొట్టాన్ని ముందుకు తిప్పాలి. వెనక్కి కాదు, ముందుకే."

"ఎత్తడానికి ఒక చెయ్యి. తిప్పడానికి? బరువేమో అడుగుకు దిగి వేలాడుతోంది."

"నీ దగ్గర ఇంకేమున్నాయి?"

కండక్టరమ్మ ఆలోచించింది. "పళ్లు."

"సొంతవేనా?"

"అన్నీ సొంతవే."

"అయితే చాలు," అని పెట్టేశాడు.

సామాను సంచిలో ఇంకా అరగదీయని వైపరు పట్టీ ఒకటి దొరికింది. వంపుపుల్లకున్న దారం నుంచి బరువు విప్పేసి కొసను పళ్ల మధ్య పెట్టుకుంది. పట్టీని సందులో దూర్చి ఎడమచేత్తో పైకి లేపుతూ తల వెనక్కి వంచి లాగింది. తాళం కదల్లేదు గానీ కుర్చీ కదిలింది. హాయిగా తలుపు దగ్గరికి దొర్లుకుంటూ వెళ్లి ఆవిడ మోకాలిని దానికి కొట్టింది. కుడి చక్రం బ్రేకు వెయ్యడం మరిచిపోయింది. అది పడిపోయిన చెయ్యి వైపు ఉంది మరి. ఎడమచేత్తో ఒంటిమీదుగా వంగి ఆ బ్రేకు అందుకుని వేసేసరికి నుదుటిమీద చెమట కంట్లోకి దిగింది. తుడుచుకోలేదు. ఉన్న ఒక్క చెయ్యీ అప్పటికే మళ్లీ పట్టీ మీదికి పోయింది.

రెండోసారి దారం జారింది. మూడోసారి పట్టీ జారింది. నాలుగోసారికి పిన్నులు ఎక్కడ తగులుతున్నాయో వేళ్లకు తెలిసింది. అన్నీ లేచాయి, ఒక్కటి తప్ప. లోపలి కొసన ఉన్నది మొండికేసి, రద్దీలో మెట్టు దిగనివాడిలా కదలనంటోంది. కండక్టరమ్మకు అలాంటివాళ్లు కొత్త కాదు. పట్టీ కొసను వెంట్రుకవాసి పైకి వంచి, దాన్నీ లేపి, దారం పళ్లతో బిగబట్టింది.

వంటింట్లో డ్రిల్లు ఆగిపోయింది.

అడుగులు వచ్చి తలుపు అవతల నిలబడ్డాయి. అలమర అయిపోయిందమ్మా, మొదలెట్టనా అని వడ్రంగి అడిగాడు.

నోరు తెరిస్తే దారం పోతుంది. దారం పోతే పిన్నులన్నీ పోతాయి. కండక్టరమ్మ పలకలేదు.

"వదినా," అంది మరదలు. ఇంకోసారి, గొంతు సన్నబడి, "వదినా, పలకండి. మేస్త్రీ, పడిపోయారేమో, కోసెయ్యి."

కండక్టరమ్మ ముక్కుతో గట్టిగా, "ఊఁ," అంది.

"ఉన్నారు," అన్నాడు వడ్రంగి.

"ఊఁ అంటే ఏంటి వదినా? కొయ్యమనా?"

"ఊఁహూఁ," అంది కండక్టరమ్మ, ఇంకా గట్టిగా, తల వెనక్కి వంచుతూ. మెడనరాలు తాళ్లలా లేచాయి. గొట్టం రవ్వంత జరిగింది. ఆగింది. పళ్లు కదిలినట్టనిపించింది గానీ వదల్లేదు. మళ్లీ జరిగింది. ఈసారి ఆగలేదు. ముందుకు వెళ్లి, చుట్టు పూర్తిచేసుకుని, తిన్నగా నిలబడింది. లోపల గడియ వెనక్కి పోయిన చప్పుడు ముగ్గురికీ వినిపించింది.

మరదలు తలుపు తోసేసరికి ఆవిడ కుర్చీ పక్కకు జరుపుకుని నోట్లోంచి దారం తీసుకుంటోంది. కింది పెదవి కోసుకుపోయి ఉంది. మరదలు ఏం జరిగిందో అడగలేదు, గుడ్డ తడిపి తెచ్చి చేతికిచ్చింది. తను తుడవలేదు.

కాసేపటికి తమ్ముడు రొప్పుతూ వచ్చాడు. తెరిచిన తలుపు చూసినా అతని పట్టు సడలలేదు. అన్నమాట ప్రకారం తలుపు తీయాల్సిందేనన్నాడు. ఈసారి పెదవి, వచ్చేసారి ఇంకేదో అవుతుందన్నాడు. వడ్రంగి స్క్రూడ్రైవర్ తీశాడు. కండక్టరమ్మ వాదించలేదు. కుర్చీ జరిపి దారి ఇచ్చింది.

"నేనే ఇరుక్కున్నాను, నేనే బయటపడ్డాను. ఇరుక్కోవడం ఒక్కటే లెక్కలో వేస్తే నీ ఇష్టం," అంది. "తీసే ముందు ఒక్కసారి ఇటు కూర్చో. నేను ఏం చేశానో తెలియకుండా తీయించకు."

చిన్నప్పుడు ఇంట్లో ఏ గడియారం ఆగినా విప్పి, మళ్లీ బిగించలేక మూటగట్టి దాచినవాడు అతను. వద్దు వద్దంటూనే ముక్కాలిపీట లాక్కుని కూర్చున్నాడు. ఆవిడ తలుపు మూసి తాళంచెవితో తాళం వేసి, తాళంచెవి తీసి ఒళ్లో పెట్టుకుంది. వంపుపుల్లను తన ఎడమచేత్తో పట్టుకుని, గొట్టం గిర్రున తిరిగిపోకుండా చూసే పని తను తీసుకుంది. సన్నపుల్ల తమ్ముడికిచ్చింది. ఊపిరి నెమ్మదిగా తియ్యి, నొక్కకు, లేస్తావా అని పిన్నును అడుగు అని చెప్పింది.

అతను మొదట గొణుక్కున్నాడు. తర్వాత గొణగడం మానేశాడు. బయట మరదలూ వడ్రంగీ ఎదురుచూసీ ఎదురుచూసీ అలిసిపోయారు. చివరికి వడ్రంగి తలుపు తట్టి, ఊడదీయమంటారా, నన్ను వెళ్లిపొమ్మంటారా, చెప్పండి సారూ అని అడిగాడు.

"ఉండవయ్యా, చప్పుడు చేయకు," అన్నాడు తమ్ముడు లోపలినుంచి, చెవి తాళానికి ఆనించి. "అక్కా, ఒకటి లేచింది. లేచింది కదూ?"

"లేచింది. రెండోది చూడు," అంది కండక్టరమ్మ.

వడ్రంగి సామాను సర్దుకుని వెళ్లిపోయాడు.