ఆనాఫెల్డ్‌లో తడిక గోడ

తీసా నది వచ్చి డాన్యూబులో కలిసే పల్లంలో చక్రవర్తి ఎక్కడెక్కడి జర్మన్లనో రప్పించి మా ఊరు ఆనాఫెల్డ్‌ను పెట్టించి అప్పటికి పదేళ్ళు. ఆ పదేళ్ళలో నీళ్ళు మూడుసార్లు ఊళ్ళోకి వచ్చాయి. మూడోసారి, పదిహేడువందల డెబ్బయ్యారో సంవత్సరం వసంతంలో, కట్ట తెగి ఆరు వారాలపాటు కదలకుండా కూర్చున్నాయి. అవి తీసేసరికి నూట పది ఇళ్ళలో మిగిలినవి తొమ్మిది పొగగొట్టాలు.

మావన్నీ పలకల మధ్య మట్టి పోసి, దిమ్మిసతో కుదించి కట్టిన గోడలు. మూరెడు మందం. ఎండకీ చలికీ వాటంత గోడలు లేవు, నీళ్ళలో నానితే మాత్రం బెల్లంలా కరిగిపోతాయి. రెండుసార్లు కరిగాయి, రెండుసార్లూ మళ్ళీ అవే కట్టుకున్నాం. మేం జర్మన్లం కదా, తాతలు కట్టినట్టు కట్టకపోతే మా పరువేం కాను?

ఆ వరదలో కట్ట మీద మట్టి మోస్తూనే నా భర్త వెండెల్ కొట్టుకుపోయాడు. నాకు ఏడవడానికి తీరిక దొరకలేదు గానీ కోపానికి దొరికింది. జూలైలో సర్కారు చాటింపు వేయించింది. నవంబరులో సెయింట్ మార్టిన్ పండుగ నాటికి ఎవరి స్థలంలో మట్టి గోడల ఇల్లు లేచి, కప్పు పడి, పొయ్యి పొగ రాదో వాళ్ళ స్థలం, పొలం సర్కారు తీసేసుకుంటుంది. ఆ కుటుంబాన్ని ఎగువన ఏ జమీందారు దగ్గరో కూలికి పెడుతుంది. సగం ఊరు చాటింపు వినగానే బండ్లు కట్టింది. నేను కదలనని చెప్పాను. వెండెల్ ప్రాణం విడిచిన నేల వదిలి ఎవరి గడ్డో కోసుకుంటూ బతకమంటే నా వల్ల కాదు.

మా బావగారు క్విరిన్, అంటే వెండెల్ అన్నగారు, దిమ్మిస పట్టడంలో ఆ చుట్టుపక్కల మొనగాడు. తన ఇల్లయ్యాక నాకూ కట్టి పెడతానన్నారు. కానీ ఆగస్టు వచ్చినా మట్టి పిండితే నీళ్ళు కారుతున్నాయి. తడి మట్టిని కుదిస్తే గోడ నిలవదని నాకు చెప్పింది ఆయనే. అయినా తన ఇంటికి ఆ తడి మట్టే కుదించడం మొదలుపెట్టారు.

నేను పడవెక్కి అవతలి ఒడ్డున సెర్బుల ఊరికి వెళ్ళాను. వాళ్ళ ఇళ్ళూ ఆరు వారాలు నీళ్ళలో ఉన్నవే. పైన మెత్తిన మట్టి కరిగిపోయి లోపలి తడికలు బయటపడ్డాయి, అంతే. ఇళ్ళు మాత్రం నిలబడే ఉన్నాయి. ఆడవాళ్ళు పాటలు పాడుకుంటూ మళ్ళీ మట్టి మెత్తుతున్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. పదేళ్ళుగా ఏటికి ఆ పక్కన కనబడుతున్నదే, ఒక్కరమైనా వెళ్ళి చూశామా?

స్తానా అనే ఆవిడ మూడు వారాలు నాకు పని నేర్పింది. బదులుగా ఆమె కోతమనుషులకు రొట్టెలు కాల్చి పెట్టాను. గుంజలు పాతడం, ఏటి ఒడ్డున పెరిగే విల్లో చెట్ల సన్నటి కొమ్మలు కోసి తడికల్లా అల్లడం, గడ్డి కలిపిన బురద తొక్కి రెండువైపులా మెత్తడం, అన్నీ నేర్చుకుని మా స్థలంలో మొదలుపెట్టాను. ఊరంతా చూసి నవ్వింది.

బావగారు కంచె దగ్గర నిలబడి, "కోళ్ళగంప అల్లుతున్నావా అమ్మాయ్?" అన్నారు.

"అవును బావగారూ. మునిగినా కరగని గంప."

ఆ మాటకి ఆయన మొహం మాడిపోయింది. మళ్ళీ నాతో మాట్లాడలేదు.

అక్టోబరులో నాలుగు రోజులు ముసురు పట్టింది. ఐదో రోజు పొద్దున్న ఆయన ఇంటి వీధి గోడ కూర్చుండిపోయింది. దాంతో పాటు కప్పూ. నాకు సంతోషం కలగలేదు. వెళ్ళి పలకరించాను, ఆయన మొహం తిప్పుకుని పెళ్ళలు ఏరుకున్నారు.

సెయింట్ మార్టిన్ పండుగ నాటికి నా ఇంటికి కప్పు పడింది, పొయ్యి పొగ లేచింది. ఆ రోజే సర్కారు అధికారి గుర్రపుబగ్గీలో వచ్చాడు. నా గోడని చేతికర్రతో పొడిచి, ఇది అల్లిక, చాటింపులో ఉన్నది మట్టి గోడ అన్నాడు. ఈ ఊళ్ళో గోడల సంగతి తెలిసిన మనిషి ఎవరని అడిగాడు. అందరూ బావగార్ని చూపించారు. ఆయన అప్పటికే సామాను బండికెక్కిస్తున్నారు. నా పని అయిపోయిందనుకున్నాను.

కొత్త గోడని దిమ్మిసతో మూడు దెబ్బలు కొట్టి చూడడం మా ఆచారం. బావగారు బండిలోంచి దిమ్మిస దించుకొచ్చారు. మొదటి దెబ్బకి మట్టి పెచ్చు రాలింది. రెండో దెబ్బకి గోడ లోపలికి వంగి, మళ్ళీ వెనక్కి వచ్చింది. మూడోది ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి కొట్టారు. గోడ నిలబడే ఉంది. ఆయన దాని మీద అరచెయ్యి ఆనించి అధికారి వైపు తిరిగారు.

"గోడే. నాదానికన్నా మంచి గోడ. రాసుకోండి."

అధికారి నా పేరు రాసుకుని, ఆ పైనున్న క్విరిన్ పేరు కొట్టెయ్యడానికి కలం ఎత్తాడు.

"ఆగండి. వాళ్ళ స్థలం నా పక్కదే. ఈ గోడనే పొడిగించి అటు గది వేస్తున్నాం," అన్నాను.

"గది ఎక్కడ?"

"పునాది మీరు తొక్కుతున్నారు."

అతను కిందికి చూసుకున్నాడు. బూట్ల కింద ఉత్త బురద. చలికి ముక్కు కారుతోంది అతనికి. ఊరి చివరిదాకా చూసి సాయంత్రం ఇటే వస్తానని, అప్పటికి ఆ స్థలంలో మూడు పక్కలా గోడ, పైన కప్పు, పొగ కనబడకపోతే పేరు కొట్టేస్తానని చెప్పి బగ్గీ ఎక్కాడు.

మా తోడికోడలు రెగీనా అప్పటికే పాత పొయ్యి ఇటుకలు ఒళ్ళో వేసుకుని వస్తోంది. నేను గుంజలకి గుంతలు గీశాను. బావగారు దిమ్మిసని బండికి ఆనించి, నేల మీద కూర్చుని, బురద తొక్కడానికి బూట్లు విప్పుకుంటున్నారు.