మధ్యలో ఆగే పాట

నవనీత వెతుకుతున్న పాటకు పేరు లేదు. ఉండే ఉంటుంది గానీ ఆమెకు తెలియదు. పాడిన మనిషెవరో, పియానో వాయించిందెవరో అసలే తెలియదు. తెలిసిందల్లా ఒక్కటే. పాట సగానికి వచ్చేసరికి పియానో ఉన్నట్టుండి ఆగిపోతుంది. ఆ నిశ్శబ్దంలో ఒక ఆడగొంతు మాటల్లేకుండా కాసేపు కూనిరాగం తీస్తుంది. తర్వాత పియానో మళ్లీ అందుకుంటుంది.

ఆ పాట విన్నప్పుడు ఆమెకు పద్నాలుగేళ్లు. 1968. ఊపిరితిత్తుల్లో క్షయ అని తేలితే, పుంగనూరులో చింతపండు వ్యాపారం చేసే నాన్న గంగాధరం ఆమెను మదనపల్లె దగ్గరున్న క్షయ ఆసుపత్రిలో చేర్చాడు. అక్కడ ఎనిమిది నెలలు ఉండింది. పొద్దున సూది, పదిగంటలకు పాలూ గుడ్డూ, మిగతా పొద్దంతా వరండాలో మంచం మీద పడుకుని గాలి పీల్చుకోవడం. లేచి తిరగకూడదు, గట్టిగా నవ్వకూడదు. పక్క మంచంలో సోమల నుంచి వచ్చిన పూలమ్మ ఉండేది. ఈమె కంటే రెండేళ్లు పెద్ద.

వరండా చివర నర్సుల గదులు. ఆదివారం మధ్యాహ్నాలు అందులో ఒక గదిలోంచి గ్రామఫోను వినపడేది. స్వదేశానికి వెళ్లిపోతూ ఒక విదేశీ డాక్టరు భార్య ఆ పెట్టెను, నాలుగైదు రికార్డులను పాపక్క అనే నర్సుకు ఇచ్చిపోయింది. పాపక్క పెద్దపంజాణి దగ్గర కూలీనాలీ చేసుకునే ఇంటి పిల్ల. పట్టుదలగా చదివి నర్సయింది. సూది వేసే చెయ్యి ఆమెదే కాబట్టి వార్డులో అందరికీ ఆమె అంటే హడలు. ఆదివారం మాత్రం ఆ హడలు కాస్త తగ్గేది.

ఇంగ్లీషు పాట. ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. అయినా పిల్లలిద్దరూ దానికోసం కాచుకుని ఉండేవాళ్లు. ఆ గొంతులో ఏడుపు లేదు. ఏడ్చి ఏడ్చి లేచి, మొహం కడుక్కుని పనిలో పడిన మనిషి గొంతు అది. పియానో ఆగబోయే ముందు పూలమ్మ దుప్పట్లోంచి వేలు పైకెత్తేది.

"ఇప్పుడు సూడు, ఆయమ్మ ఒక్కతే పాడతాది" అనేది గుసగుసగా.

మార్గశిర మాసంలో ఒక పొద్దున నవనీత లేచి చూస్తే పక్క మంచం ఖాళీ. పరుపు చుట్టి గోడకు ఆనించి ఉంది. ఎవరూ ఏమీ చెప్పలేదు. ఆమె అడగనూ లేదు.

నవనీత బాగుపడి ఇంటికొచ్చింది. డిగ్రీ చదివింది. విత్తనాల దుకాణం నడిపే మధుసూదన్‌ను పెళ్లాడి కుప్పం చేరింది. అక్కడి రైల్వే స్టేషన్లోనే బుకింగ్ క్లర్కుగా చేరింది. ఆ పాట ఎప్పుడన్నా ఒకసారి, టికెట్ కిటికీ దగ్గర రద్దీ తగ్గినప్పుడు, చెవిలో మెదిలి పోయేది. అంతే.

1994లో కళ్లజోడు కోసం బెంగళూరు పోయినప్పుడు వాన పట్టుకుంది. తల దాచుకోవడానికి ఒక క్యాసెట్ల అంగడి మెట్లెక్కింది. లోపల ఏదో పాట మోగుతోంది. గరగరమనే రొద వెనకాల, ఎక్కడో దూరపు ఊళ్లో ఉన్నట్టు, పియానో. దానిమీద ఒక ఆడగొంతు. నవనీత చెంగుతో తల తుడుచుకుంటున్నది తుడుచుకుంటున్నట్టే నిలబడిపోయింది.

"ఈ పాట ఏందన్నా?" అనడిగింది.

అంగడాయన పెద్దమనిషి. ఈమె మొహం చూసి కుర్చీ చూపించాడు. బ్లూస్ అంటారమ్మా దీన్ని అని చెప్పాడు. అమెరికాలో నల్లవాళ్లు డెబ్భై ఏళ్ల కిందట పాడినవి, లక్క రికార్డుల మీద వచ్చినవి. ఆ కంపెనీలు ఎప్పుడో మూతబడ్డాయి. ఇప్పుడు ఇంగ్లండులోనూ ఇంకా ఒకటి రెండు దేశాల్లోనూ పాటల పిచ్చోళ్లు కొందరు, ఇళ్లలో మిగిలిన రికార్డులు వెతికి పట్టుకుని, వాటిని మళ్లీ క్యాసెట్లుగా, సీడీలుగా వేస్తున్నారు. తొలినాళ్ల జాజ్ పియానో కూడా అట్లాగే వస్తోంది.

అది ఆమె పాట కాదు. మధ్యలో ఎక్కడా ఆగలేదు. కానీ దాని తోబుట్టువని ఆమెకు తెలిసిపోయింది. ఆ క్యాసెట్ చేతిసంచిలో పెట్టుకుని ఇంటికొచ్చింది.

అట్లా మొదలైంది. నెలకో రెండు నెలలకో బెంగళూరు పోయి అంగడాయన తెప్పించి పెట్టినవి తెచ్చుకునేది. కొన్నాళ్లకు ఆమె చెవికి పదును పట్టింది. ఎడమచెయ్యి కిందికీ పైకీ దూకుతూ, కుడిచెయ్యి మీద చిలిపిగా ఆడుకునే పియానో వేరు. చీకటి కొట్లో దారి తడుముకున్నట్టు నిదానంగా పోయేది వేరు. ఒకే పాట రెండు కంపెనీలు వేస్తే రెండూ కొనేది. ఒకరు పాత రికార్డు రొదను అట్లాగే ఉంచేస్తారు. ఇంకొకరు దాన్ని తుడిచెయ్యబోయి, రొదతో పాటు పాడేమనిషి ఊపిరి తీసుకునే చప్పుడు కూడా తుడిచేస్తారు. నవనీతకు ఊపిరి కావాలి. రొద ఉన్నా సరే.

మధుసూదన్‌కు ఇదంతా వింత. "ఇది పాటనా, సెనక్కాయలు వేయిస్తాండే సద్దా?" అని ఎగతాళి చేసేవాడు. అయినా అలమారలో రెండు అరలు ఖాళీ చేసి ఇచ్చాడు. అవి నిండితే ఇంకో అర వేయించాడు.

ప్రతి కొత్త క్యాసెట్టూ ఆమె ఒకే తీరుగా వినేది. పనులన్నీ ముగించుకుని కూచుని, ప్రతి పాటా సగానికి వచ్చేసరికి ఊపిరి బిగబట్టేది. పియానో ఆగేది కాదు. పాట అట్లాగే సాగిపోయేది. "ఇది కూడా కాదు" అనుకుని తర్వాతి పాటకు పోయేది. పన్నెండేళ్లలో క్యాసెట్లు పోయి సీడీలు వచ్చాయి. వందల పాటలయ్యాయి. ఆమెకు యాభై రెండేళ్లు వచ్చాయి.

2006లో ఒక సీడీతో వచ్చిన చిన్న పుస్తకంలో ఒక వాక్యం ఆమెను పట్టుకుంది. ఆ కాలపు పాటలు కొన్నింటికి ఒక్క రికార్డు కూడా మిగల్లేదట. ఎక్కడో ఎవరి ఇంట్లోనో ఒకటి దొరికితే తప్ప అవి ఇక పోయినట్టే. నవనీత ఆ పుస్తకాన్ని ఒళ్లో పెట్టుకుని చాలాసేపు కూచుంది. తన పాట అట్లాంటిదేనేమో. ప్రపంచంలో మిగిలిన ఒకే ఒక్క రికార్డు మదనపల్లెలో పాపక్క గదిలో ఉండిందేమో.

"ముప్పై ఎనిమిదేండ్లు అయిపాయ. ఆ రికార్డు ఇంకా యాడుంటాది?" అన్నాడు మధుసూదన్.

"పోయి అడిగితే పోయేదేముండాది?" అంది నవనీత.

శనివారం సెలవు పెట్టి, చిన్న సీడీ ప్లేయరు, తనకు బాగా నచ్చిన పది సీడీలు సంచిలో వేసుకుని బస్సెక్కింది. మదనపల్లె ఆసుపత్రిలో ఉమాపతి అనే పాత ఉద్యోగి పాపక్క పేరు వినగానే నవ్వాడు.

"రిటైరయి పుంగనూరులో ఉండాదమ్మా. పాలకేంద్రం వెనక వీధి. నువ్వొచ్చిన బస్సు ఆ ముందర్నుంచే గదా వచ్చింది!"

పుంగనూరు ఆమె పుట్టిన ఊరు. నాన్న పోయాక అక్కడికి రాకపోకలు తగ్గాయి. తాను దేశదేశాల నుంచి పాటలు తెప్పించుకుంటుంటే ఆ మనిషి తన సొంత ఊళ్లోనే ఉందా అనుకుంటే నవనీతకు సిగ్గేసింది.

పాపక్క వాకిట్లో కుర్చీ వేసుకుని పక్కింటామెకు బీపీ చూస్తోంది. జుట్టు పూర్తిగా నెరిసింది. చెయ్యి మాత్రం అదే చెయ్యి. నవనీత తన పేరు, మంచం ఉన్న చోటు, నాన్న పేరు చెప్పింది.

"చింతపండు గంగాధరప్ప కూతురువా? గుడ్డు తినకుండా తలగడ కింద దాస్తా ఉంటివి" అంది పాపక్క.

కాఫీ తాగాక నవనీత రికార్డుల సంగతి అడిగింది. గ్రామఫోను ఎవరికో ఇచ్చేశానంది పాపక్క. రికార్డులు రేకుల ఇంట్లో అటక మీద పెడితే ఎండలకు అప్పడాల మాదిరి వంకర్లు తిరిగిపోయాయట. అయినా నవనీత తెచ్చిన సంచి విప్పి, "ఇట్లాంటివే పాపక్కా. వింటావా?" అంది.

ఒకటి పెట్టింది. ముసలామె తల అడ్డంగా ఊపింది. రెండోదానికీ అంతే. నాలుగో సీడీలో మూడో పాట మొదలయ్యేసరికి పాపక్క కాఫీ గ్లాసు కింద పెట్టింది.

"ఇదే గదా!"

"ఇది కాదు పాపక్కా. ఇది నా దగ్గర ఎనిమిదేండ్లుగా ఉండాది. మన పాట శానా నిదానంగా ఉండె. గొంతు కూడా బరువు."

"పెట్టెలో స్ప్రింగు సచ్చిపోయుండె పాపా. కీ ఎంత తిప్పినా ఈడ్చుకుంటా పోయేది. అందుకే నిదానం."

"మధ్యలో పియానో ఆగేది గదా? ఇందులో ఆగదే!"

పాపక్క ఆమెను వింతగా చూసింది. తర్వాత గట్టిగా నవ్వింది. "ఆగక ఏం జేస్తాది? రికార్డు మీద ఆడ గీత పడిండె. ముల్లు ఇరుక్కోని ఆ ఒక్క ముక్కే తిరగతా ఉండె. అందుకే గీత రాకముందే ముల్లు ఎత్తి ఆ పక్క పెడతా ఉంటి."

"మరి ఆ పాట?" అంది నవనీత. "పియానో లేకుండా పాడేది ఎవరు?"

"ఇంకెవరు, నేనే! మీరిద్దరూ చెవులు రిక్కించుకోని ఉంటారని నాకు తెల్సు. సగంలో తెగిపోతే పూలమ్మ మొగం చిన్నబుచ్చుకునేది. అందుకని ముల్లు పెట్టేదాకా ఆ ముక్క నేను అనేస్తా ఉంటి. మాటలు నాకు యాడ వస్తాయి? ఊరికే రాగం తీస్తా ఉంటి."

పాట సాగుతూనే ఉంది. సగానికి వచ్చింది. ఆగకుండా దాటిపోయింది. పన్నెండేళ్లుగా ఆ చోట "ఇది కాదు" అని తాను దాటవేసిన పాటలన్నింటిలో లేనిది పాపక్క గొంతు. నవనీత పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆమె ఏడుస్తోందో నవ్వుతోందో పక్కింటామెకు అర్థం కాలేదు.

"పూలమ్మ పోయిన నాడు కూడా ఈ పాట పెట్టినా" అంది పాపక్క కాసేపటికి. "నువ్వు నిద్దర్లో ఉంటివి. అదే అడిగింది. తెల్లారక ముందే."

ఇన్నేళ్లు అడగని ప్రశ్నకు నవనీతకు జవాబు దొరికింది. ఆమె పాపక్క చెయ్యి పట్టుకుని కూచుంది. ఇద్దరూ ఆ పాటను మళ్లీ మొదటినుంచి విన్నారు.

ఇంటికొచ్చి చెబితే మధుసూదన్ ఎగతాళి చెయ్యలేదు. "అయితే మన ఇంట్లో లేని పాట ఆ ఒక్క ముక్కేనా?" అన్నాడు. మరుసటి వారం తానే టేపు రికార్డరుకు కొత్త బ్యాటరీలు వేసి, ఖాళీ క్యాసెట్ ఒకటి పెట్టి ఇచ్చాడు.

నవనీత దాన్ని పట్టుకుని మళ్లీ పుంగనూరు పోతే పాపక్క మొదట ఒప్పుకోలేదు. గొంతు పోయిందంది, పండ్లు లేవంది. చివరికి నవనీత మీది జాలితో గొంతు సవరించుకుని ఆ ముక్క పాడింది. వణికింది. ఒకచోట దగ్గింది. కానీ రాగం అదే.

"ఈ ఒక్క ముక్క పెట్టుకోని ఏం జేస్తావు?" అంది పాపక్క. "అది నేను తీసింది మా అమ్మ పద్ధతిలో. నాట్లేసేటప్పుడు అట్లనే లాగేది. మా అమ్మ పాటలు ఇంటావా?"

నవనీత బటన్ ఆపలేదు. పాపక్క ఒకటి పాడింది, ఇంకోటి గుర్తు చేసుకుంది. కలుపు పాట, దంపుడు పాట. పాడుతూ పాడుతూ నడుమ పక్కింటామెను పిలిచి ఏదో మరిచిపోయిన చరణం అడిగింది. ఆమె కూడా వచ్చి మెట్టు మీద కూచుంది. క్యాసెట్ ఒకవైపు అయిపోతే నవనీత తిప్పి పెట్టింది. రెండోవైపూ అయిపోయింది. కుప్పం పోయే బస్సు వెళ్లిపోయే వేళయింది.

"టేపు అయిపోయింది పాపక్కా" అంది.

"అయిపోతే అయిపోనీ. కూచో" అని పాపక్క ఇంకో పాట ఎత్తుకుంది.